అడుగున పొంచిన ముప్పు

2025 మే నెలలో ఓ రాత్రి బెంగళూరులో కుండపోత కురిసింది. బీటీఎం లేఅవుట్‌లోని ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి నీళ్లు చేరాయి. మర్నాడు సాయంత్రం ఆ నీటిని తోడిపోయడానికి 63 ఏళ్ల నివాసి ఒకరు మోటారు పెట్టారు. నీటికి కరెంటు పాకింది. ఆయన అక్కడికక్కడే కుప్పకూలారు. దగ్గరలో ఉన్న 12 ఏళ్ల బాలుడూ బలయ్యాడు. అక్కడ పనిచేసే ఓ వలస కార్మికుడి కొడుకు ఆ పిల్లవాడు. ఆ రోజు ఆ సెల్లార్‌లో కట్ట తెగలేదు, గోడ కూలలేదు, వరద పోటెత్తలేదు. వాన వెలిశాక మన నగరాల్లో వందలాది అపార్ట్‌మెంట్లలో ఎవరో ఒకరు చేసే పనే అక్కడా చేశారు.

సెల్లార్‌లో నీటిని మనం ఇన్నాళ్లూ శుభ్రతకు సంబంధించిన చికాకుగానే చూస్తున్నాం. బండి తడిసిందని, దోమలు పెరిగాయని, గోడ రంగు చెడిందని విసుక్కుంటున్నాం. నిజానికి గోడ మీది చెమ్మ మరక నుంచి మోకాలి లోతు నీటి దాకా అన్నీ ఒకే ప్రమాదానికి వేర్వేరు దశలు. మొదటి దశలో పట్టించుకుంటే వేలల్లో తేలిపోయే ఖర్చు, చివరి దశలో ప్రాణాలతో ముడిపడుతుంది. వానాకాలం ముంగిట ఈ సంగతి గట్టిగా చెప్పుకోవాల్సిన అవసరం ఉంది.

తెలుగు నగరాలకు సెల్లార్ పాతదేమీ కాదు గానీ, ఇంత విస్తృతంగా పాకింది గత మూడు దశాబ్దాల్లోనే. స్థలం ధర పెరిగింది, ఇంటికో కారు వచ్చింది, వాహనాలకు చోటు భూమి కింద వెతకాల్సి వచ్చింది. ఒకప్పుడు ఒక అంతస్తు లోతు తవ్విన చోట ఇప్పుడు రెండు, మూడు, నాలుగు అంతస్తుల లోతుకు దిగుతున్నాం. ఎంత లోతుకు దిగితే అంతగా భూగర్భ జలానికి ఎదురు వెళ్తున్నామన్న స్పృహ మాత్రం ఆ వేగంతో పెరగలేదు.

హైదరాబాద్ నేల స్వభావం ఇక్కడ తెలుసుకోవాలి. అడుగున గట్టి గ్రానైట్ రాయి, దాని మీద శిథిలమైన రాతి పొర, ఆ పైన మట్టి. వాన నీరు మట్టిలోంచి, శిథిల రాతిలోంచి దిగి గట్టి రాయి మీద ఆగుతుంది. పగుళ్ల వెంట పక్కలకు ప్రవహిస్తుంది. సెల్లార్ కోసం ఆ రాతిని పేల్చి గొయ్యి తీస్తే, చుట్టుపక్కల పగుళ్లలోని నీరంతా దారి వెతుక్కుంటూ అందులోకే వస్తుంది. పూడ్చిన చెరువు మీదో, చెరువు నిండు నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) పరిధిలోనో, పాత నాలా దారిలోనో కట్టిన భవనమైతే చెప్పనవసరమే లేదు. కాగితం మీద చెరువు చెరిగిపోవచ్చు, నేల వాలు చెరగదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాద్‌లో ఒక్క రోజులోనే 19 సెంటీమీటర్లకు పైగా వాన పడినప్పుడు లోతట్టు కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. విజయవాడది మరో కథ. అక్కడ కృష్ణా డెల్టా ఒండ్రు నేల, పైపైనే ఉండే భూగర్భ జలం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలను ముంచెత్తినప్పుడు సెల్లార్లూ కింది అంతస్తులూ అందులో నిలిపిన వాహనాలతో సహా మునిగిపోయాయి.

నీటి బలాన్ని మనం తక్కువగా అంచనా వేస్తాం. సెల్లార్ గోడ వెలుపల మట్టిలో నీరు మూడు మీటర్ల ఎత్తున నిలిస్తే, గోడ అడుగున ప్రతి చదరపు మీటరు మీదా మూడు టన్నుల ఒత్తిడి పడుతుంది. అదే ఒత్తిడి కింది నుంచి ఫ్లోరింగ్‌ను పైకి ఎత్తుతుంది. మీటరు వెడల్పున్న తలుపు అవతల అర మీటరు నీరు నిలిస్తే, ఆ తలుపు మీద పడే తోపు దాదాపు 125 కిలోలు. నీరు మీటరు ఎత్తుకు చేరితే అది 500 కిలోలవుతుంది. లోతు రెట్టింపైతే తోపు నాలుగింతలన్న మాట. నీటి వైపు తెరుచుకునే తలుపును అప్పుడు లోపలున్న మనిషి ఎంత బలవంతుడైనా తెరవలేడు. ‘కాస్త నీళ్లేగా, ఒక్క నిమిషంలో వచ్చేస్తా’ అంటూ కిందికి దిగేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన లెక్క ఇది.

లెక్క తప్పిన ఘటనలు కళ్ల ముందే ఉన్నాయి. 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఓ సివిల్స్ శిక్షణ కేంద్రం బేస్‌మెంట్‌లోని లైబ్రరీలోకి వీధి వరద ఒక్కసారిగా దూసుకొచ్చి ముగ్గురు అభ్యర్థులు జలసమాధి అయ్యారు. సామగ్రి నిల్వకు అనుమతి పొందిన చోట చదువులు సాగుతున్నాయి. తెలుగు రాష్ట్రాల నుంచి ఏటా ఎందరో యువతీ యువకులు వెళ్లి ఉండే ప్రాంతమది. 2022 సెప్టెంబరు 6న దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో తుపాను వేళ కార్లు బయటికి తీసుకోమని అపార్ట్‌మెంట్ నిర్వాహకులు మైకులో ప్రకటించారు. దిగినవారిలో ఏడుగురు భూగర్భ పార్కింగ్‌లోనే చనిపోయారు. ఇద్దరు మాత్రం సీలింగ్ దగ్గర పైపులు పట్టుకుని గంటల తరబడి వేలాడి బతికి బయటపడ్డారు. అంతకు ఏడాది ముందు, 2021 సెప్టెంబరు 1న ఇడా తుపాను అవశేషం న్యూయార్క్ మీద విరుచుకుపడినప్పుడు నగరంలో మరణించిన 13 మందిలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్లలో ఉన్నవారే. దేశాలు వేరైనా చావు వచ్చిన దారి ఒకటే. నేలమట్టానికి కింద నీరు నిమిషాల్లో నిండుతుంది, మెట్లు ప్రవాహాలవుతాయి, కరెంటు పోయి చీకటి కమ్ముతుంది.

వరద ముంచే ప్రమాదం ఏడాదికి ఒకటి రెండు రోజులే. కరెంటు ప్రమాదం మాత్రం తడి ఉన్న ప్రతి రోజూ ఉంటుంది. మన అపార్ట్‌మెంట్లలో మీటర్ బోర్డులు, ప్యానెల్ బోర్డులు, లిఫ్ట్ కేబుళ్లు, బోరు మోటారు స్టార్టర్లు, జనరేటర్ తీగలు అన్నీ సెల్లార్‌లోనే ఉంటాయి. ఇప్పుడు వాటికి ఎలక్ట్రిక్ స్కూటర్ల చార్జింగ్ పాయింట్లు కూడా తోడయ్యాయి. చెమ్మెక్కిన గోడలో పాత వైరు, మూత లేని జంక్షన్ బాక్సు, ఎర్తింగ్ సరిగా లేని మోటారు కలిస్తే చాలు, తడి నేల మీద చెప్పుల్లేని కాలు తాకే చోటల్లా ప్రాణాంతకమే. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీని పసిగట్టి తక్షణం సరఫరా ఆపే ఆర్‌సీసీబీ పరికరం ఖర్చు, ఒక ఫ్లాటుకు నెలకయ్యే మెయింటెనెన్స్ చార్జీకి అటూ ఇటూగా ఉంటుంది. అయినా సెల్లార్ సర్క్యూట్లకు అది లేని భవనాలు ఎన్నో.

గాలితోనూ ముప్పే. నీరు తోడటానికి డీజిల్ పంపునో జనరేటర్‌నో సెల్లార్ లోపల పెట్టి నడిపితే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిండి మనిషిని మత్తులో ముంచి చంపుతుంది. ఆ యంత్రం బయట ఉండాలి, గొట్టం మాత్రమే లోపలికి దిగాలి. నిండినది డ్రైనేజీ నీరైతే, లేదా మూసిన సంపులోకో గుంతలోకో మనిషి దిగాల్సి వస్తే విషవాయువుల భయం అదనం. ఒకరు పడిపోతే కాపాడబోయి రెండోవారూ మూడోవారూ చనిపోయిన వార్తలు మనకు కొత్త కాదు. మురుగు గుంతల్లోకి రక్షణ లేకుండా మనుషుల్ని దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అపార్ట్‌మెంట్ సంఘాలకూ అది వర్తిస్తుందన్న సంగతి చాలామందికి పట్టడం లేదు.

ఇవన్నీ కంటికి కనిపించే ప్రమాదాలు. కనిపించకుండా సాగేది ఇంకొకటి ఉంది. కాంక్రీటులోని క్షార గుణం లోపలి ఇనుప చువ్వల చుట్టూ రక్షణ పొరలా పనిచేస్తుంది. చెమ్మతోపాటు గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి చొరబడే కొద్దీ ఆ క్షార గుణం తగ్గుతుంది. నీటిలో క్లోరైడ్ లవణాలుంటే ఆ రక్షణ పొర మరింత త్వరగా చెడుతుంది. అప్పుడు చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు ఆక్రమించే చోటు అది తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ. ఆ ఉబ్బుకు కాంక్రీటు లోపలి నుంచి చీలుతుంది. మొదట పిల్లర్ వెంట సన్నని నిలువు పగులు, తర్వాత గోధుమ రంగు మరక, తట్టితే డొల్ల శబ్దం, చివరికి పెచ్చులు ఊడి చువ్వ బయటపడటం. చెద తిన్న దూలం లాగానే పైకి అంతా బాగానే ఉన్నట్టుండి లోపల సత్తువ పోతుంది. ఆ పిల్లరే పైనున్న అయిదారు అంతస్తుల బరువు మోస్తోందని మరిచిపోకూడదు.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం సర్ఫ్‌సైడ్‌లో 2021 జూన్ 24 తెల్లవారుజామున 12 అంతస్తుల చాంప్లెయిన్ టవర్స్ సౌత్ భవనంలో పెద్ద భాగం కూలి 98 మంది మరణించారు. దాని ఈత కొలను ఆవరణ కింద భూగర్భ పార్కింగ్ ఉంది. ఆ ఆవరణ స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ చెడిపోయిందని, కింది కాంక్రీటు తీవ్రంగా దెబ్బతింటోందని 2018లోనే ఇంజినీరు నివేదిక ఇచ్చారు. డిజైన్ లోపాలు సహా పలు కారణాలు ఆ కూలిపోవడం వెనుక ఉన్నాయి గనుక నేరమంతా చెమ్మ మీదే వేయలేం. కానీ నివేదిక చేతిలో పడ్డాక మరమ్మతు ఖర్చు ఎవరెంత భరించాలన్న వాదోపవాదాల్లో ఏళ్లు గడిచిపోయాయన్నది తిరుగులేని వాస్తవం. మన అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ సమావేశాలకు హాజరైన ఎవరికైనా ఆ వాదనలు పరిచితంగానే తోస్తాయి. ‘నాది నాలుగో అంతస్తు, సెల్లార్ మరమ్మతుకు నేనెందుకు కట్టాలి?’ అన్న ప్రశ్నకు జవాబు ఒక్కటే. నాలుగో అంతస్తు నిలబడింది ఆ సెల్లార్ పిల్లర్ల మీదే.

నెమ్ముతో ఆరోగ్యమూ చెడుతుంది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, శ్వాసకోశ ఇబ్బందులు పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. ఇక్కడ మనం సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. సెల్లార్‌లో చెమ్మ పీల్చేది ఫ్లాటు యజమాని కాదు. ర్యాంప్ కిందో, లిఫ్ట్ పక్కనో, కిటికీ లేని గదిలో భార్యాబిడ్డలతో బతికే వాచ్‌మన్. పల్లె విడిచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన ఆ కుటుంబం పడుకునేది ఆ నేల మీదే. అర్ధరాత్రి నీరొస్తే మొదట తడిసేది ఆ మనిషే, మోటారు వేయమని మొదట పురమాయించేదీ ఆ మనిషినే. బెంగళూరులో చనిపోయిన పిల్లవాడి సంగతి ఈ కోణంలోంచి చూస్తే, అది మన వీధి భవనంలోనూ జరగగల ఘటనే అని అర్థమవుతుంది. మన పురపాలక నిబంధనలు సెల్లార్‌ను ప్రధానంగా వాహనాల కోసమే అనుమతిస్తాయి. అక్కడ ఒక కుటుంబాన్ని కాపురం ఉంచడం అందరికీ తెలిసి, అందరూ చూసీ చూడనట్టు సాగే ఉల్లంఘన.

మరి మనం చేస్తున్న చికిత్స ఏమిటి? పెచ్చు ఊడిన చోట కొత్త ప్లాస్టరింగ్, దాని మీద పుట్టీ, రంగు. మరక మరీ మొండిదైతే టైల్స్. ‘ఎండాకాలం వస్తే అదే ఆరుతుందిలే’ అనే ఓదార్పు. వచ్చే నీటికి దారి మూయకుండా లోపలి గోడకు పూతలు పూస్తే, నీరు ఆ పూత వెనక నిలిచి చువ్వలకు మరింత చేటు చేస్తుంది. మరక కనిపించకపోవడం వల్ల హెచ్చరిక కూడా మాయమవుతుంది. ఫ్లాటు అమ్మేముందు సెల్లార్‌కు తెల్లగా సున్నం కొట్టించే అలవాటు ఇంకా ప్రమాదకరం. కొనేవారిని మోసగించడంతోపాటు, భవనం చెబుతున్న మాటను వినపడకుండా చేయడమది.

ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చాలి. అందుకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. వానలు లేని రోజుల్లోనూ చెమ్మ ఆరకపోతే అనుమానించాల్సింది సంపును, నీటి పైపును, డ్రైనేజీని. వానల తర్వాతే వస్తే వీధి నీరో, గోడ అవతల మట్టిలోని నీరో కారణం. వాన ఆగిన వారాల తర్వాత కూడా ఊట సాగితే భూగర్భ జలమట్టం పైకి వచ్చిందన్నమాట. రాత్రి సంపు నింపి, మోటార్లు ఆపి, మట్టం గుర్తుపెట్టి ఉదయం చూస్తే సంపు కారుతోందో లేదో తెలిసిపోతుంది. గోడ మీద పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అతికించి రెండు రోజులు ఉంచితే, తడి గోడ వైపు చేరిందంటే ఊట, బయటి వైపు చేరిందంటే గాలి ఆడక పట్టిన చెమట. తెల్లటి ఉప్పు పూత కనిపిస్తే నీరు గోడలోంచి ప్రయాణించి వస్తోందని అర్థం. దుర్వాసన వస్తే డ్రైనేజీ. ఆ నీరే పక్కనున్న తాగునీటి సంపులోకీ చేరుతుండవచ్చు గనుక ఆలస్యం చేయకూడదు.

మూలం తెలిశాక మందు కూడా దాన్ని బట్టే ఉండాలి. ర్యాంప్ మొదట్లో వీధి కంటే ఎత్తుగా మిట్ట, దాని వెనక జాలీ వేసిన కాలువ లేకపోతే వీధి వరద నేరుగా లోపలికే వస్తుంది. రోడ్డు మీద పొర మీద పొర తారు వేసుకుంటూ పోవడంతో పాత భవనాల ర్యాంపులు వీధి మట్టం కంటే పల్లమైపోయాయి. వాటిని మళ్లీ ఎత్తు చేయాలి. వీధి డ్రైనేజీ పొంగి వెనక్కి తన్నకుండా ఒకవైపు వాల్వు పెట్టించాలి. ఇంకుడు గుంతలు తప్పనిసరే, అవసరమే. కానీ వాటిని సెల్లార్ గోడకు ఆనించి తవ్వితే భూమికి ఇంకాల్సిన నీరు ఇంట్లోకి ఇంకుతుంది. పగుళ్లలోకి ఒత్తిడితో రసాయనం ఎక్కించే గ్రౌటింగ్, వెలుపలి వైపు వాటర్‌ప్రూఫింగ్ లాంటివి అనుభవమున్న స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పాక చేయాల్సిన పనులు. మేస్త్రీ చూసి తేల్చేవి కావు. చువ్వ బయటపడిన పిల్లర్, బీమ్ ఏదైనా ఉంటే ఇంజినీరు రాకముందు దాని మీద సిమెంటు పులమకూడదు. భూగర్భ జలం ఎక్కువున్న చోట తోడే గుంత, ఫ్లోట్‌తో తనంతట తాను పనిచేసే రెండు పంపులు, నీటికి అందని ఎత్తులో వాటి స్విచ్చులు, కరెంటు పోయినా నడిచే ఏర్పాటు తప్పవు. మీటర్ బోర్డులను, ప్యానెళ్లను వీలైతే పై అంతస్తుకు, కనీసం గతంలో నీరు చేరిన గుర్తుకు బాగా పైకి మార్చాలి.

వాన పడే రాత్రికి కొన్ని నియమాలు ముందే రాసి లిఫ్ట్ దగ్గర అంటించాలి. నీరు చేరుతున్న సెల్లార్‌లోకి బండి కోసం, సామాన్ల కోసం ఎవరూ దిగకూడదు. సరఫరా పైనుంచి పూర్తిగా ఆపారని, లేదా విద్యుత్ సిబ్బంది వచ్చి ఆపారని తేలేదాకా ఆ నీటిలో అడుగు పెట్టకూడదు. ప్యానెల్ బోర్డే మునిగితే దాన్ని ముట్టుకోకుండా 1912కు ఫోన్ చేయాలి. లిఫ్టును పై అంతస్తులో ఆపి ఉంచాలి. నీరు తీసేటప్పుడూ తొందర పనికిరాదు. చుట్టూ మట్టి నానిపోయి ఉండగా లోపల ఒక్కసారిగా ఖాళీ చేస్తే బయటి ఒత్తిడికి గోడ లోపలికి ఒరిగే ప్రమాదముంది. ఓ అడుగు తగ్గించి, ఆగి, గోడలు చూసుకుని మళ్లీ తోడాలి. మునిగిన వాహనాన్ని మెకానిక్ చూడకుండా స్టార్ట్ చేయకూడదు.

బాధ్యత ఒక్క నివాసులది మాత్రమే కాదు. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఫ్లాటు అప్పగించిన అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లో బిల్డర్ సొంత ఖర్చుతో సరిచేయాలి. కొత్త భవనాల సెల్లార్ ఊట చాలావరకు ఈ కోవలోకే వస్తుంది. అయినా నివాసులు మొదటి అయిదేళ్లూ బతిమాలుతూ గడిపి, ఆరో ఏట చందాలు వేసుకుంటున్నారు. ఫొటోలు, తేదీలతో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడమే మార్గం. పురపాలక సంస్థలు ఏటా వానాకాలంలో కొత్త సెల్లార్ తవ్వకాలు ఆపాలని ఆదేశాలిస్తున్నాయి, మంచిదే. అదే పట్టుదల ఉన్న సెల్లార్ల మీద ఎందుకు లేదన్నదే ప్రశ్న. అనుమతి ఇచ్చేటప్పుడే ఆ చోట భూగర్భ జలం ఎంత లోతులో ఉందో, చెరువు, నాలా ఎంత దూరమో చూసి సెల్లార్ లోతును నిర్ణయించాలి. పాత భవనాలకు నిర్ణీత కాలానికోసారి సెల్లార్ పిల్లర్ల తనిఖీ, విద్యుత్ భద్రత తనిఖీ తప్పనిసరి చేయాలి. సెల్లార్‌లో కోచింగ్ సెంటర్లు, లైబ్రరీలు, క్లినిక్‌లు, దుకాణాలు నడుస్తుంటే ప్రాణం పోయాక సీలు వేసే పద్ధతి మారాలి. ఊట నీటిని ఏడాది పొడవునా నాలాల్లోకి వదిలి, అదే భవనం వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే విడ్డూరానికీ విరుగుడు ఉంది. ఆ నీటిని శుద్ధి చేసి ఫ్లష్‌లకు, తోటలకు వాడుకోవచ్చు, కుదిరిన చోట దూరంగా తిరిగి ఇంకించవచ్చు.

ఇక ఈ వానాకాలానికి ముందు ప్రతి అపార్ట్‌మెంట్ సంఘం చేయదగ్గవి మూడు. వాచ్‌మన్ కుటుంబాన్ని నేలమట్టానికి పైనున్న గదిలోకి మార్చడం, సెల్లార్ సర్క్యూట్లన్నిటికీ ఆర్‌సీసీబీ బిగించి పరీక్షించడం, చెమ్మ ఉన్న ప్రతి పిల్లర్‌నూ ఇంజినీరుకు చూపించి ఆయన చెప్పింది రాతపూర్వకంగా తీసుకోవడం. మూడింటికీ అయ్యే ఖర్చును ఫ్లాట్లన్నీ పంచుకుంటే ఎవరికీ మోయలేని భారం కాదు. మిగతా మరమ్మతులు దశలవారీగా చేసుకోవచ్చు గానీ ఈ మూడూ తొలకరి పలకరించేలోగా పూర్తి కావాలి. చేయని సంఘం, చేయించని అధికారి రేపు ఏదైనా జరిగితే ప్రకృతి మీద నెపం వేయలేరు. మరక రూపంలో హెచ్చరిక ముందే అందింది.